కొసరు చేప

సైమా నన్ను మొదటిసారి చూసినప్పుడు నా మీసానికి దూది అంటుకుని ఉంది. ఆ సంగతి నాకు తెలియదు.

చీరాలలో వాళ్ల నాన్నది పరుపుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన డాబా. మేము పెళ్లిచూపులకు వెళ్లిన రోజు డాబా నిండా దూది ఆరబోసి ఉంది. "పిల్లలిద్దరూ పైకెళ్లి అయిదు నిమిషాలు మాట్లాడుకోండమ్మా" అని పెద్దవాళ్లు పంపించారు. గాలికి లేస్తున్న దూది మధ్య చెరో పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాం.

ఆమె నా మొహంలోకి చూసి పెదవి కొరుక్కుంది.

"ఎందుకండీ నవ్వుతున్నారు?" అన్నాను.

"నవ్వట్లేదండీ."

"నవ్వుతున్నారు."

"సరే, నవ్వుతున్నాను."

నాకు కోపం వచ్చింది. కోపంలో నా నోటికి నిజాలే వస్తాయి. అదొక జబ్బు.

"చూడండీ. నాది మంగళగిరిలో కంప్యూటర్ ఉద్యోగమని మా నాన్న మీవాళ్లకు చెప్పారు. నిజమే. కానీ నేను అందులో ఎక్కువ రోజులుండను. మా పొలంలో నీటికుంట ఉంది. అందులో చేపలు పెంచుతాను. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయండి."

ఆమె నవ్వు ఆగిపోయింది. అయిపోయింది, ఇక మెట్లు దిగడమే అనుకున్నాను.

"కుంట ఎంత?" అంది.

"ఏంటండీ?"

"ఎంత ఉంటుంది అంటున్నా."

"పావెకరం."

"లోతు?"

"నేను మునుగుతాను."

"ఏ చేపలు?"

"శీలావతి, బొచ్చె. ఎనిమిది వందల పిల్లలు వేస్తాను. తవుడు, వేరుశనగ చెక్క మేత పెడతాను. మొత్తం నోట్సులో రాసుకున్నాను."

"రాసుకున్నారు సరే, కొనేదెవరు? మాకు వాడరేవు నుంచి పొద్దున్నే సముద్రం చేప గుమ్మంలోకొస్తుంది. మీ కుంట చేప ఎవరిక్కావాలి?"

ఆ ప్రశ్న అంతవరకు నన్నెవరూ అడగలేదు. నాన్న తిట్టాడు, స్నేహితులు నవ్వారు, ఎవరూ అడగలేదు. నాకు ఎక్కడ లేని హుషారొచ్చింది.

"మీకు వాడరేవు దగ్గరండీ! ఆ చేప పర్చూరు దాటి మా ఊరొచ్చేసరికి ఐసు తప్ప ఏం మిగలదు. నేను ఆదివారం ఆదివారం గట్టు మీదే, కళ్ల ముందే వల వేసి, ఎగిరే చేప చేతికిస్తాను. చుట్టూ నాలుగూళ్లున్నాయి. రారంటారా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "వస్తారు" అంది. తర్వాత, "పులుసుకి శీలావతి బాగుంటుందా, బొచ్చె బాగుంటుందా?"

"తెలీదండీ. నేను చేప తినను."

"అదేంటి?"

"ముళ్లు తీసుకోవడం రాదు."

ఇక ఆమె ఆపుకోలేకపోయింది. దూది మీదే కూలబడి నవ్వింది. "ముళ్లు తీసుకోవడం రానాయన చేపల చెరువు పెడతాడంట!" అంటూ కళ్లు తుడుచుకుంది. లేచి, దుపట్టా దులుపుకుని, చూపుడు వేలు నా మొహం వైపు చూపించింది.

"మీసానికి దూది అంటుకుందండీ. వచ్చిన దగ్గర్నుంచీ చెబుదామనే చూస్తున్నా."

తుడుచుకున్నాను.

"అటు కాదు. ఇటు."

మళ్లీ తుడుచుకున్నాను.

"వదిలేయండి, బాగానే ఉంది" అని మెట్లు దిగి వెళ్లిపోయి, వాళ్ల నాన్నతో నాకిష్టమే అని చెప్పేసింది. ఎందుకు ఒప్పుకున్నావని పెళ్లయ్యాక అడిగాను. "పెళ్లిచూపుల్లోనే కుంట లోతు చెప్పేసిన మనిషి ఇక జన్మలో ఏం దాస్తాడు అనుకున్నా" అంది.

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. తర్వాత నన్ను బాగా ఇబ్బంది పెట్టింది కూడా.

*

పెళ్లి శ్రావణం వానల్లో జరిగింది. అత్తగారింటి నుంచి సామాను వచ్చింది. మంచం, మామగారు సొంతంగా కుట్టిన పరుపు, రెండు దిండ్లు, నీలం అంచున్న తెల్లటి దోమతెర. ఆ పరుపు మీద పడుకుంటే మనిషి మునిగిపోతాడు. నానమ్మ ఓసారి కూర్చుని లేవలేక, "ఇది పరుపా, ఊబా?" అంది.

మా ఇంట్లో నాన్న, నానమ్మ, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నానమ్మే. ఆమె పేరు మాబూబీ. ఊళ్లో కొట్లవాళ్లకు మాత్రం ఆమె కొసరు మాబూబీ. వంకాయలు కొన్నా, గాజులు కొన్నా, పైన కొసరు వేయనిదే గుమ్మం కదలదు. "కొసరు లేని బేరం అచ్చిరాదే పిల్లా" అని సైమాకు మొదటి రోజే నేర్పింది.

మా నాన్న గౌస్ బాషా ముప్పై ఏళ్లుగా మిరప వేస్తున్నాడు. చేపల సంగతి ఎత్తితే చాలు, తువ్వాలు భుజం మార్చుకునేవాడు.

"ఏరా, ఆ కుంటలోకి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయి? చుట్టూ మిరపే గదా. నేను కొట్టిన మందంతా వానకి కొట్టుకొచ్చి అందులోనే చేరింది. అందులో కప్ప కూడా ఆలోచించి దూకుద్ది. చేప బతుకుద్దా?"

"నీళ్లు పరీక్ష చేయించాను నాన్నా. బాగానే ఉన్నాయన్నారు."

"కాగితం బాగానే ఉంటదిరా. చేప సంగతి చెప్పు."

ఇదే మాట నేను మత్స్యశాఖలో పనిచేసే సాల్మన్ గారి దగ్గరకు పట్టుకెళ్లాను. ఆయన, "మీ నాన్నగారు చెప్పింది నిజమే షానవాజ్. మందుల సంగతి చేపే చెప్పాలి. కుంటలో హాపా కట్టి, పది పిల్లల్ని ఒక రోజంతా ఉంచి చూడు. అవి బతికితే ఎనిమిది వందలూ బతుకుతాయి" అన్నారు. హాపా అంటే ఏం లేదు, నీళ్లలో నాలుగు కర్రలకు కట్టే వల పెట్టె. చేపలు బయటికి పోవు, నీళ్లు మాత్రం ఆడుతూ ఉంటాయి.

నాన్నకు ఈ పందెం నచ్చింది.

"సరే. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు నుంచి శనివారం అసర్ నమాజు దాకా. పదీ బతికితే కుంట నీది, నేను మాట్లాడను. చచ్చాయా, నోరు మూసుకుని సోమవారం మంగళగిరి బస్సెక్కు."

సోమవారంతో నా లీవు అయిపోతుంది. మంగళగిరి అంటే నలుగురం ఉండే గది. ఇల్లు దొరికి సైమాను తీసుకెళ్లే దాకా ఆదివారం ఆదివారమే చూసుకోవాలి. మా పెళ్లయి అప్పటికి పన్నెండు రోజులు. పన్నెండు రోజుల వాడికి ఆదివారం అనే మాట ఎంత చేదుగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

"హాపా ఎక్కడ దొరుకుద్దండీ?" అంది సైమా.

"సాల్మన్ గారిది వేరే ఊళ్లో ఉందట. ఆర్డర్ పెడితే వారం పడుతుంది."

"నేను కుడతా."

"నువ్వా?"

"పరుపులు కుట్టే ఇంట్లో పుట్టా. మూడు మీటర్ల వల కుట్టలేనా?"

"గుడ్డ కావాలిగా, సన్న కన్నులున్నది?"

"నా దగ్గరుంది. ఏంటని అడక్కండి."

ఆ మధ్యాహ్నం పెరట్లో కూర్చుని, వాళ్ల నాన్నిచ్చిన దబ్బనంతో, అంచుకు తాడు చుట్టి కుట్టింది. నన్ను దగ్గరకు రానివ్వలేదు. ఆ రాత్రి మా మంచానికి దోమతెర లేదు. అడిగితే, "ఉతికి ఆరేశా, వానకి ఆరలేదు" అని అటు తిరిగి పడుకుంది.

పొద్దున్నే టీ తాగుతుంటే నానమ్మ నా దగ్గరకొచ్చి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పింది.

"ఏంట్రా ఈ ఎర్ర మచ్చలు?"

"దోమలు నానమ్మా!"

"అవునవును. మా రోజుల్లోనూ దోమలే" అని బోసినోటితో నవ్వుతూ వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడయింది.

*

చేపపిల్లల కోసం శుక్రవారం బాపట్ల దగ్గర ఫారానికి బండి మీద వెళ్లాం. అక్కడ పిల్లల్ని పట్టిచ్చే కోటేష్ గారు మమ్మల్ని కింద నుంచి పై దాకా చూశారు.

"ఎన్ని వేలు కావాలి?"

"పది."

"పది వేలా?"

"పది చేపలండీ."

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, జాలిపడి, వేలెడంత శీలావతి పిల్లల్ని పదింటిని లెక్కపెట్టి నీళ్ల కవరులో వేశారు. ఆక్సిజన్ నింపి మూతి కట్టబోతుంటే సైమా అడ్డం వచ్చింది.

"కొసరు వేయండి."

"అమ్మా! లక్ష పిల్లలు పట్టుకెళ్లేవాళ్లే అడగలేదు. పది చేపలకి కొసరా?"

"కొసరు లేకుండా ఇంటికెళ్తే మా నానమ్మగారు రానివ్వరండీ."

"ఎవరి నానమ్మ?"

"మా ఆయన నానమ్మ."

మా ఆయన! ఆ మాట ఆమె వేరేవాళ్లతో అనడం నేను వినడం అదే మొదటిసారి. ఫారంలో ఉన్న చేపలన్నీ ఒక్కసారి ఎగిరినట్టనిపించింది. కోటేష్ గారు నవ్వుకుంటూ జల్లెడలో అడుగున మిగిలిన ఒక పిల్లను తీసి కవరులో వేశారు. మిగతావాటికంటే బక్కది. తోక దగ్గర చిన్న నల్ల మచ్చ.

దారిలో వాన పట్టుకుంది. ఓ చెట్టు చూసి ఆపుతానంటే వద్దంది. "ఆపితే అసర్‌కి అందుకోలేం. పోనివ్వండి." కవరును ఒళ్లో పెట్టుకుని దుపట్టా కప్పింది. వాన నా వీపును తడపడం మానేసింది, ఎందుకంటే అక్కడ ఆమె తల ఉంది.

"చేపలు తడిసిపోతాయి అనుకుంటున్నావా?" అని అరిచాను.

"ఏంటీ?"

"చేపలకి వాన పడకుండా దుపట్టా కప్పావు!"

తర్వాత నా వీపు మీద ఒక్కటి పడింది.

పొలానికొచ్చేసరికి నాన్న గట్టు మీద గొడుగుతో నిలబడి ఉన్నాడు. నేను నడుంలోతు నీళ్లలోకి దిగి హాపా కట్టాను. తెల్లటి వల, చుట్టూ నీలం అంచు. ఎక్కడో చూశానే అనుకుంటూ ఒక మూల కట్టి, రెండో మూల దగ్గర ఆగిపోయాను. తలెత్తి సైమాను చూశాను. ఆమె వెంటనే మిరప చేను వైపు తిరిగిపోయింది. చెవులు ఎర్రగా అయిపోయాయి.

"నిన్న నిన్ను కుట్టలేదా దోమలు?" అన్నాను మెల్లగా.

"నన్ను కుడితే మీలా కనపడదులెండి" అంది.

మనసు ఎంత నిండిపోయిందో చెప్పలేను. నీళ్లలో ఉన్నాను కాబట్టి సరిపోయింది, మొహం మీదివి వాన నీళ్లే అనుకున్నాడు నాన్న.

కవరు విప్పి ఒక్కొక్కటే వలలోకి వదిలాను. నాన్న లెక్కపెట్టాడు. "ఎనిమిది, తొమ్మిది, పది. చాలు."

"ఇంకోటుంది మామయ్యా, కొసరు" అంది సైమా.

"పదంటే పదే. పదకొండు వేసి, ఒకటి చస్తే పది మిగిలాయంటాడు వీడు. నాకు తెలీదా!"

అందుకని ఆ నల్ల మచ్చ బక్కదాన్ని కుంటలోకే వదిలేశాం. అది ఒక్కసారి తోక ఆడించి, మమ్మల్ని పట్టించుకోకుండా వెళ్లిపోయింది.

*

శనివారం తెల్లవారుతూనే ఇద్దరం పరిగెత్తాం.

పదీ చచ్చిపోయి ఉన్నాయి.

తెల్లటి పొట్టలు పైకి తేలి, వల మూలకు చేరి ఉన్నాయి. సైమా ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఏడవలేదు. దాన్ని నీళ్లతో తడుపుతూ, తడుపుతూ కూర్చుంది.

నాన్న వెనకే వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "చెప్పాను గదరా" అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో గెలుపు లేదు. తను కొట్టిన మందే తన కొడుకు చేపల్ని చంపిందనుకున్నాడు పాపం. తువ్వాలు తలకు చుట్టుకుని, మా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

నేను నీళ్లలోకి దిగి హాపా తాళ్ల ముడులు విప్పడం మొదలుపెట్టాను. తడిసిన ముడులు. ఒక్కొక్కటి విప్పడానికి చాలాసేపు పట్టింది. నాలుగోది విప్పేసరికి వేళ్లు చిమచిమలాడుతున్నాయి. ఆ చిమచిమ నాకు బాగా తెలుసు. మిరప చేలో మందు కొట్టిన రోజు సాయంత్రం సబ్బుతో ఎంత కడిగినా పోనిది అదే.

ఈ కుంటలో నేను ఇంతకుముందు వందసార్లు దిగాను. ఎప్పుడూ ఇలా లేదు.

ఇంటికి వెళ్లి, మంచం కింద సామానులో దోమతెర వచ్చిన కవరు వెతికాను. వెనక సన్నటి అక్షరాలు. దోమలను చంపే మందు కలిపిన తెర. దాని కిందే, చేపలున్న నీళ్లలో ఉతకరాదు.

అక్కడే కూలబడ్డాను.

మొదట సంతోషం వేసింది, నీళ్లు మంచివేనని. ఆ వెంటనే భయం వేసింది. ఈ మాట నాన్నకు చెప్పాలంటే, చంపింది వల అని చెప్పాలి. వల ఎవరు కుట్టారు? పన్నెండు రోజుల కొత్త కోడలు. నాన్న ఏమీ అనకపోవచ్చు. ఊరు అనకుండా ఉంటుందా? కోడలు కాలు పెట్టింది, చెయ్యి పెట్టింది అని నీళ్ల ట్యాంకు దగ్గర ఎన్ని మాటలు! అన్నిటికంటే, ఆ సంగతి విన్నప్పుడు సైమా మొహం ఎలా ఉంటుందో తలచుకోలేకపోయాను. ఆమె తన పక్క మీది తెర నా కోసం కోసింది. నేను ఆమె కోసం ఒక కుంట వదులుకోలేనా?

గుమ్మంలో అడుగుల చప్పుడు. కవరు గబగబా నా బ్యాగులో చొక్కాల కిందకు తోసేశాను.

"ఏంటి, సర్దుకుంటున్నారా?" అంది సైమా.

"సోమవారం వెళ్లాలిగా."

"ఇవాళ శనివారం."

"ముందే సర్దుకుంటే మంచిది కదా."

ఆమె నన్ను ఒక రకంగా చూసింది. "మీరు నాతో ఏమైనా చెప్పాలా?"

"ఏం లేదు."

నాకు అబద్ధాలు రావు. చొక్కా మడత పెడుతున్నట్టు తల దించుకున్నాను. ఆ చొక్కా అప్పటికే మడతలో ఉంది. దాన్ని విప్పి మళ్లీ మడతపెట్టాను.

మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు. సైమా తన పళ్లెంలో మిగిలిన మెతుకులు పట్టుకుని కుంట వైపు వెళ్లింది. పది నిమిషాలైంది, పావుగంటైంది. అప్పుడు వినిపించింది అరుపు.

"కొసరు బతికుంది! ఏవండీ! మామయ్యా! కొసరు బతికే ఉంది!"

చెప్పుల్లేకుండా, బురద కాళ్లతో పరిగెత్తుకొచ్చింది. మేమంతా వెళ్లాం. నానమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చింది. సైమా నాలుగు మెతుకులు విసిరింది. నీళ్లు కదిలాయి. నల్ల మచ్చ తోక ఒక్కసారి మెరిసి మెతుకుతో మాయమైంది.

నాన్న వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూశాడు. రెండు మెతుకులు తనే తీసుకుని విసిరాడు. మళ్లీ వచ్చింది.

"నీళ్లలో ఇది బతికింది. అవే నీళ్లలో వల్లో పదీ చచ్చాయి" అన్నాడు నెమ్మదిగా. "అదెట్టారా?"

అందరూ నన్ను చూశారు.

"ఇరుకై చచ్చిపోయుంటాయి నాన్నా" అన్నాను.

"అంత వల్లో పది వేలెడు చేపలకి ఇరుకా?"

"వానకి... చలికి..."

"చేపలకి చలా!" అంది నానమ్మ.

సైమా నా వేళ్ల వైపు చూసింది. పొద్దుట్నుంచీ నేను వాటిని చొక్కాకు రుద్దుకుంటూనే ఉన్నానని అప్పటిదాకా నాకే తెలియదు. ఆమె తిరిగి ఇంట్లోకి వెళ్లింది. వెనకే వెళ్లేసరికి బ్యాగు తెరిచి ఉంది, చొక్కాలన్నీ పరుపు మీద ఉన్నాయి, కవరు ఆమె చేతిలో ఉంది.

"సైమా, విను..."

వినలేదు. నన్ను దాటుకుని వసారాలోకి వెళ్లి, అప్పుడే వచ్చి కూర్చున్న నాన్న ముందు నిలబడింది.

"మామయ్యా, చేపల్ని చంపింది మీ మందు కాదు. నేను." కవరు ఆయన ముందుకు చాపింది. "మా పుట్టింటి దోమతెర కోసి హాపా కుట్టాను. అందులో దోమల మందు ఉందని దీని మీద రాసి ఉంది. నేను చదవలేదు. బీకాం చదివా, ఒక కవరు వెనక చదవలేదు. ఆయనకు తెలిసి కూడా నా పేరు రాకూడదని దాచారు. కుంట మంచిదే. ఆయన్ని పంపించకండి."



నాన్న కవరు తీసుకుని, దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చదివాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే."

"ఏడాది బట్టి కుంట కుంట అని నా ప్రాణం తీశావు. పొద్దున్నుంచీ నోట్లో సమాధానం పెట్టుకుని బ్యాగు సర్దుకుంటన్నావా?"



"ఒరేయ్ గౌసూ" అంది నానమ్మ మంచం మీద నుంచి. "నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? పెళ్లయిన ఏడు నీ పెళ్లాం ఆవకాయలో ఉప్పు తగ్గించి వేసింది. బూజు పట్టిన పచ్చడి, భలే ఉందే అమ్మా అని నెల రోజులు తిన్నావు. నేను అడిగితే, ఏం బూజు, నాకు కనపడలేదే అన్నావు."

"అమ్మా, ఇప్పుడదెందుకు?"

"కడుపు నొప్పని ఆస్పత్రికి కూడా పోయావు."

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తువ్వాలు తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి, పెదవుల మీద మాత్రం నవ్వు ఉంది. అమ్మ గురించి మాట వచ్చినప్పుడు ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"అమ్మాయ్" అన్నాడు సైమాతో. "నేను ముప్పై ఏళ్లు చదవకుండానే మందు డబ్బాలు కొట్టాను. నువ్వు ఒక్క కవరు చదవలేదు. పోనీలే తల్లీ, లోపలికెళ్లి అన్నం తిను. రేపు మళ్లీ పది చేపలు తెచ్చుకోండి."

"రేపు ఆదివారం నాన్నా. రేపు అసర్‌కి వేస్తే, తేలేసరికి సోమవారం సాయంత్రం అయిద్ది. నా బస్సు..."

"మంగళవారం బస్సులుండవంట్రా?"

లోపలికి వెళ్లాక సైమా నా మీద విరుచుకుపడింది. దిండు పుచ్చుకుని కొట్టింది. వాళ్ల నాన్న నింపిన దూది కాబట్టి దెబ్బ తగల్లేదు.

"ఏదీ దాచరనుకుని చేసుకున్నా మిమ్మల్ని!"

"నిన్నెవరైనా ఒక మాట అంటే నేను వినలేను."

"నాకోసం కుంటే వదిలేసుకుంటారా?"

"కుంట లేకపోయినా నువ్వు కావాలి."

దిండు గాల్లోనే ఆగిపోయింది. పన్నెండు రోజులుగా నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట అదే. అలా చేపల మధ్య, చొక్కాల మధ్య, చెప్పా పెట్టకుండా బయటికొచ్చేసింది. ఆమె దిండును గుండెకు హత్తుకుని, దాని వెనక మొహం దాచుకుంది.

"ఇంకోసారి చెప్పండి" అంది దిండు లోపల నుంచి.

*

ఈసారి హాపా నానమ్మ పాత వాయిల్ చీరతో కుట్టింది సైమా. నలభై ఏళ్లుగా ఉతికి ఉతికి, అవతల మనిషి కనిపించేంత పలచబడిన చీర. దబ్బనంలో దారం ఎక్కిస్తూ సైమా ఆ చీరను నాలుగు వైపులా తిప్పి చూసింది.

"ఏం వెతుకుతున్నావే?" అంది నానమ్మ.

"ఏమైనా రాసుందేమోనని నానమ్మా."

కోటేష్ గారు మమ్మల్ని గుర్తుపట్టారు. "మళ్లీ పదా?" అని, అడగకముందే పదకొండోది వేశారు.

"ఇది కొసరుకి తోడు" అంది సైమా.

సోమవారం అసర్ నమాజు అయ్యాక నాన్న టోపీ కూడా తీయకుండా నేరుగా గట్టు మీదకొచ్చాడు. లుంగీ పైకి కట్టి, నన్ను పక్కకు జరగమని, తనే నీళ్లలోకి దిగాడు. ముప్పై ఏళ్లు మిరపకాయలు తుంచిన ఆ మొరటు చేతులు హాపాలోకి పెట్టి, ఒక్కొక్క పిల్లనూ ఎంత మెత్తగా పట్టుకున్నాడో! ఒకటి అన్నాడు, కుంటలోకి వదిలాడు. రెండు. మూడు. సైమా నా చొక్కా అంచు పట్టుకుంది. ఏడు. ఎనిమిది. తొమ్మిది దగ్గర ఆగి, చెయ్యి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది దొరకట్లేదురా" అన్నాడు. "బలే చురుగ్గా ఉంది."

పది.

కాసేపు నీళ్లలోనే నిలబడి, చుట్టూ ఉన్న తన మిరప చేను వైపు చూశాడు. "ఈ గట్టు పక్క నాలుగు సాళ్లలో ఈ ఏడు మిరప వెయ్యన్లే" అన్నాడు. "మందు ఇటు రాకుండా ఉంటది. ఏ మునగో, అరటో పెట్టుకోండి."

"నాన్నా, కుంట ఒక్కటే కదా నాకిస్తానంది?"

"అది బేరం. ఇది కొసరు" అని, తువ్వాలు దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

మంగళగిరికి మెయిల్ గట్టు మీద కూర్చునే రాశాను. ఉద్యోగం మానేస్తున్నట్టు. కారణం దగ్గర ఏం రాయాలో తెలియక సైమాను అడిగితే, "చేపలు అని రాయండి, నమ్మరు" అంది. సొంత వ్యాపారం అని రాశాను. పంపించేశాక ఇద్దరం ఆ ఫోను వైపు కాస్త భయంగా, కాస్త గర్వంగా చూశాం.

పొద్దు గుంకుతోంది. సైమా గుప్పెడు తవుడు చల్లింది. ముందు నల్ల మచ్చ బక్కది వచ్చింది. ఈ మూడు రోజుల్లోనే దానికి కుంటంతా తనదే అన్న ధీమా వచ్చేసింది. దాని వెనక మిగతావి వచ్చాయి. లెక్కపెట్టబోయి మానేశాను.

"వచ్చే ఏడాదికి మీకు ముళ్లు తీయడం నేర్పిస్తాను" అంది.

"నేర్చుకోను."

"ఏం?"

"నువ్వు తీసి పెడతావుగా."

ఆమె మెడ మీద ఠప్పుమని కొట్టుకుంది. తర్వాత నా చెంప మీద ఒకటి వేసి, చచ్చిన దోమను చూపించింది.

"దోమలొస్తున్నాయండీ. లోపలికి పోదాం పదండి."

"లోపల మాత్రం తెర ఉందా?"

సైమా ఆలోచించింది. రేపు పొద్దున నానమ్మ ఏమంటుందో కూడా ఆలోచించే ఉంటుంది, ఎందుకంటే చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"అయితే ఇక్కడే కూర్చుందాం" అంది, ఇంకాస్త దగ్గరగా జరుగుతూ.